కరెంటు ట్రాన్స్‌ఫార్మరు: చూసేది, చూడనిది

(బి.యస్సీ. తృతీయ సంవత్సరం, ఎం.పి.సి.)

మా బోరు మోటరు మొరాయించినప్పుడల్లా ఆలేరు నుంచి వచ్చే మెకానిక్కు మొదట చేసే పని ఒకటుంది. స్టార్టరు డబ్బ మూత తీసి, పట్టకారు దవడల్లాగ తెరుచుకునే ఒక పనిముట్టును వైరు చుట్టూ వేసి మూస్తాడు. ఒక్క క్షణం దాని ముఖంలోకి చూసి "తొమ్మిది గుంజుతుంది, బేరింగు చూడాలె" అంటాడు. దాన్ని టాంగ్ టెస్టరు అంటారు. వైరును కోయలేదు, దాని తొడుగు ఒలవలేదు, రాగిని ముట్టనే లేదు. అయినా లోపల ఎన్ని ఆంపియర్లు పోతున్నాయో చెప్పింది. నాడి పట్టి రోగం చెప్పే వైద్యుడు నాకు గుర్తొచ్చేవాడు. ఆ దవడలే ఒక కరెంటు ట్రాన్స్‌ఫార్మరని డిగ్రీలో చేరాక గాని నాకు తెలియలేదు. మా ఊరి పక్క సబ్‌స్టేషనులోను, ఆలేరు మీదుగా పోయే 25 కిలోవోల్టుల రైలు లైనుకు కరెంటు ఇచ్చే చోటను, దామరచర్ల దగ్గరి యాదాద్రి థర్మల్ కేంద్రంలోను ఉండేది దాని అన్నదమ్ములే. ఇంజనీర్లు పొట్టిగా సి.టి. అంటారు. నేనూ అట్లాగే రాస్తాను.

అయితే ఈ వ్యాసం రాయడానికి కారణం టాంగ్ టెస్టరు కాదు. రెండేండ్ల కింద ఎండకాలం చివర గాలిదుమారం లేచి మా చెలక మీదుగా పోయే 11 కిలోవోల్టుల లైనులో ఒక తీగ తెగి పడింది. పక్కన మేస్తున్న మా బర్రె పడిపోయి, మళ్లీ లేవలేదు. చిత్రమేమంటే అది తీగను ముట్టనే లేదు. తీగ కొసకు గజం దూరంలో పడి ఉంది. బాపు పరుగున పోబోతుంటే పక్క చెలక కాక కేకేసి ఆపాడు. ఫోను చేసి చెప్పిన తర్వాతనే లైను బందయింది. అప్పటిదాకా సబ్‌స్టేషనులో బ్రేకరు పడనే లేదు. ఆ రాత్రి బాపు నన్ను అడిగాడు: "గంత పెద్ద సబ్‌స్టేషను పెట్టుకొని, తీగ తెగి కింద పడ్డ సంగతి దానికి తెల్వదా బిడ్డా? సైన్సు సదువుతున్నవు గదా, చెప్పు." నేను చెప్పలేకపోయాను. ఆ తర్వాత లైబ్రరీలోను, లెక్చరర్ల దగ్గరను కూర్చుని తెలుసుకున్నది మిత్రుల ముందు పెడుతున్నాను.

మూలం ఫారడే దగ్గరే ఉంది. 1831లో ఆయన ఒక ఇనుప కడియానికి రెండు వైపుల రెండు తీగచుట్టలు చుట్టాడు. ఒక చుట్టలో కరెంటు మారినప్పుడు, దానితో ఏ సంబంధమూ లేని రెండో చుట్టలో కరెంటు పుట్టింది. నేటి సి.టి. చూడడానికి కూడ అటువంటి కడియమే. చాలాసార్లు దానికి మొదటి చుట్ట విడిగా ఉండదు. కడియం నడుమ నుంచి లైను తీగో, రాగి కడ్డీయో నేరుగా దూరిపోతుంది. అదే ఒక్క చుట్టు ప్రైమరీ. కడియం మీద చుట్టిన సన్నతీగ సెకండరీ.

ఊళ్లో స్తంభాల మీద ఉండే ట్రాన్స్‌ఫార్మరు కూడ ఇదే సూత్రం మీద నడుస్తుంది కదా, తేడా ఏమిటని అడగవచ్చు. దానికి వోల్టేజి ఇస్తాము. మోటర్లు ఎన్ని నడిస్తే అంత కరెంటు అది లైను నుంచి లాక్కుంటుంది. సి.టి. అట్లా లాక్కునేది కాదు. అది లైనుకు శ్రేణిలో ఉంటుంది. కాలువలో పాతిన గేజీ రాయి వంటిది: ఎంత నీరు రావాలో రాయి నిర్ణయించదు, వచ్చిన నీటిని చెప్తుంది. ప్రైమరీలో 200 ఆంపియర్లు పోతే, ఆ ఒక్క చుట్టు కడియంలో 200 ఆంపియర్-చుట్ల అయస్కాంత బలం పెడుతుంది. సెకండరీలో 200 చుట్లుంటే అందులో 1 ఆంపియరు ఎదురు దిశలో ప్రవహించి దాన్ని దాదాపు పూర్తిగా కొట్టివేస్తుంది. దీన్నే 200/1 సి.టి. అంటారు. ప్రైమరీలో 50 ఆంపియర్లయితే ఇక్కడ పావు ఆంపియరు. లైనులో వేల వోల్టులున్నా, మీటరు ముందు కూర్చున్న మనిషి దగ్గరికి ఈ చిన్న కరెంటు మాత్రమే వస్తుంది.

"దాదాపు" అన్న మాటను గమనించాలి. కడియాన్ని అయస్కాంతంగా నిలపడానికి కొన్ని ఆంపియర్-చుట్లు ఖర్చవుతాయి. గంపలో మట్టి మోస్తుంటే దారిలో కొంత రాలినట్లు, ఆ మేరకు లెక్కలో తప్పు వస్తుంది. ఇనుము ఎంత మంచిదయితే అంత తక్కువ రాలుతుంది.

ఇప్పుడు సెకండరీని విప్పి వదిలేస్తే ఏమవుతుంది? పరీక్షల్లో అడిగే ప్రశ్నే గాని, ప్రాణం మీదికి వచ్చే ప్రశ్న కూడ. ఇంట్లో స్విచ్చి తీస్తే కరెంటు ఆగిపోతుంది. ఇక్కడ ఆగదు, ఎందుకంటే ప్రైమరీ కరెంటు మన చేతిలో లేదు. కొట్టివేసే సెకండరీ కరెంటు లేకపోయేసరికి 200 ఆంపియర్-చుట్లూ కడియాన్నే అయస్కాంతం చేయడానికి దిగుతాయి. ఇనుము సంతృప్తమవుతుంది. కరెంటు దిశ మారే ప్రతిసారీ అభివాహం ఒక చివర నుంచి ఇంకో చివరకు ఎగిరి దూకుతుంది. అభివాహం ఎంత వేగంగా మారితే అంత వోల్టేజి అని ఫారడే నియమం. విప్పిన కొసల మధ్య వందలు, పెద్ద సి.టి.లలో వేల వోల్టుల పోట్లు లేస్తాయి. ఇన్సులేషను కాలుతుంది, ముట్టిన మనిషి పోతాడు. అందుకే సి.టి. సెకండరీలో ఫీజు పెట్టరు. మీటరు తీయాలంటే ముందు ఆ రెండు కొసలను లింకుతో కలిపి, తర్వాతే విప్పుతారు. షార్టు చేస్తేనే క్షేమంగా ఉండే యంత్రం మా సిలబస్‌లో నాకు ఇంకొకటి కనిపించలేదు.

సెకండరీ 1 ఆంపియరు ఎందుకు, 5 ఎందుకు అన్న సందేహం కూడ వస్తుంది. జవాబు దూరంలో ఉంది. యార్డులో సి.టి. నుంచి కంట్రోలు గదికి 50 మీటర్లనుకుందాం. పోను రాను 100 మీటర్ల 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకు నిరోధం సుమారు 0.74 ఓము. 5 ఆంపియర్లు పంపితే ఆ తీగ ఒక్కటే 18 వోల్ట్-ఆంపియర్లకు పైగా తినేస్తుంది. 1 ఆంపియరయితే 0.74 మాత్రమే. సి.టి. మోయగలిగిన బరువు 15 వోల్ట్-ఆంపియర్లని దాని పలక మీద రాసి ఉంటే, మొదటి దానిలో మీటరు దగ్గరికి పోకముందే అది చతికిలపడుతుంది. అందుకే దూరాలుండే యార్డులలో 1 ఆంపియరు, మీటరు పక్కనే ఉండే డబ్బల్లో 5 ఆంపియర్లు సాధారణం.

సబ్‌స్టేషనులోని ఒక సి.టి. బుడ్డిలో తరచు రెండు మూడు కడియాలుంటాయి. వాటి స్వభావాలు ఒకదానికొకటి ఎదురు. మీటరుకు పోయేది మామూలు కరెంటు దగ్గర కచ్చితంగా ఉండాలి, 0.5 తరగతి అంటే పూర్తి కరెంటు దగ్గర అర శాతం తప్పు. కాని లైను షార్టయినప్పుడు అది తొందరగా సంతృప్తమై మీటరును కాపాడాలి. రిలేకు పోయే కడియం అట్లా కాదు. మామూలప్పుడు కొంచెం తప్పినా ఫరవాలేదు, ప్రమాదం వచ్చినప్పుడు మాత్రం నిజం చెప్పాలి. 5పి20 అంటే ఇరవై రెట్ల కరెంటు వచ్చినా తప్పు 5 శాతం దాటదని అర్థం. ఒకడు లెక్కల గుమాస్తా, ఇంకొకడు కావలివాడు.

గుమాస్తా పని మన జేబులకు సంబంధించినది. 33/11 కిలోవోల్టుల సబ్‌స్టేషనులో 5 మెగావోల్ట్-ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మరుంటే, 11 కిలోవోల్టుల వైపు పూర్తి కరెంటు 262 ఆంపియర్లు. యాదాద్రి కేంద్రంలోని 800 మెగావాట్ల యూనిట్ ఒకటి 400 కిలోవోల్టుల దగ్గర సుమారు 1,155 ఆంపియర్లు పంపుతుంది. ఏ మీటరూ వీటిని నేరుగా మింగలేదు. రైసు మిల్లుల వంటి పెద్ద వినియోగదారుల దగ్గర కూడ సి.టి. గుండానే కొలుస్తారు. ఒక చిన్న సంగతి: మూడు ఫేజులలో ఒక్క సి.టి. కొసలు తారుమారుగా కలిపితే, ఆ ఫేజు కూడబడడానికి బదులు తీసివేయబడుతుంది. సమాన భారం మీద ఒకటి, ఒకటి కూడి, ఒకటి పోతే మిగిలేది ఒకటే. మూడు యూనిట్లు వాడితే మీటరు ఒకటే తిరుగుతుంది! మా పంపుసెట్లకు ఎక్కువగా మీటర్లే లేవు; రైతులు ఎంత వాడారన్న అంచనా ఫీడర్ల దగ్గర, ఎంపిక చేసిన ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర పెట్టిన మీటర్ల మీద ఆధారపడుతుంది. ఉచిత కరెంటు మీద సభల్లో జరిగే వాదాల వెనుక ఈ ఇనుప కడియాలున్నాయని ఎంతమందికి తెలుసో!

ఇక కావలివాడి దగ్గరికి, బాపు ప్రశ్న దగ్గరికి వస్తాను.

11 కిలోవోల్టుల ఫీడరులో మూడు ఫేజులకు మూడు సి.టి.లుంటాయి. వాటి సెకండరీలను ఒకచోట కలిపి, ఆ కలయిక నుంచి ఒక తీగను రిలేకు తెస్తారు. ఆరోగ్యంగా ఉన్న లైనులో మూడు ఫేజుల కరెంట్ల మొత్తం ఏ క్షణంలోనైనా సున్న. పోయిందంతా తిరిగి వస్తుంది. ఒక తీగ భూమిని తాకితే కొంత కరెంటు భూమిలోంచి తిరిగి వస్తుంది, మొత్తం సున్న కాదు. ఆ మిగులు రిలేను లేపుతుంది. రిలే బ్యాటరీ కరెంటుతో బ్రేకరును విప్పుతుంది. ఇంతవరకు కాగితం మీద అంతా బాగానే ఉంది.

మా ఫీడరు సి.టి. 200/1 అనీ, రిలేను 20 శాతం దగ్గర పెట్టారనీ అనుకుందాం. అంటే భూమిలోకి 40 ఆంపియర్లు పోతేనే అది కదులుతుంది. తీగకు, భూమికి మధ్య వోల్టేజి 11,000ను 3 వర్గమూలంతో భాగిస్తే వచ్చే 6,350. ఇందులో 40 ఆంపియర్లు పోవాలంటే తీగ నేలను తాకిన చోట నిరోధం 159 ఓములకు మించకూడదు. వాన పడ్డ వరి మడిలోనైతే అది కుదరవచ్చు. ఎండకాలపు ఎర్ర చెలకలో తీగ గడ్డిపరకల మీద, మొరం మీద అక్కడక్కడ తాకుతుంది. నిరోధం 1,000 ఓములనుకుంటే పోయేది 6.35 ఆంపియర్లే. 40 కోసం కాచుకున్న రిలేకు ఆరు ఒక లెక్క కాదు. మనిషి గుండె ఆగడానికి ఒక ఆంపియరులో పదో వంతు చాలు! అమెరికా ఇంజనీర్లు 12.5 కిలోవోల్టుల లైన్ల గురించి ప్రకటించిన అంకెలు చూశాను: తడి గడ్డి మీద 50 ఆంపియర్లు, ఎండు గడ్డి మీద 25, తడి ఇసుక మీద 15, ఎండు ఇసుక మీద సున్న. అంటే ఇది మా ఊరి సమస్య ఒక్కటే కాదు.

ఇంకొక మెలిక ఉంది. తెగిన తీగకు రెండు కొసలు. సబ్‌స్టేషను వైపు కొస స్తంభానికే వేలాడి, మోటర్ల వైపు కొస నేల మీద పడిందనుకోండి. ఆ ముక్క సబ్‌స్టేషను నుంచి విడిపోయింది కదా, చచ్చిపోయింది అనుకుంటాము. కాని ముందున్న ట్రాన్స్‌ఫార్మర్ల చుట్టల గుండా మిగిలిన రెండు ఫేజుల కరెంటు దానిలోకి వెనక్కు వస్తుంది. తీగలో ప్రాణం ఉంటుంది. కరెంటు ఇంకా తక్కువ గనుక రిలేకు అసలే కనిపించదు.

మరి రిలేను 2 ఆంపియర్లకు పెట్టకూడదా? నేనూ ఇదే అడిగాను. మూడు సి.టి.లూ అచ్చు ఒక్క తీరుగా ఉండవు. ఒక్కొక్కదానిలో రాలే మట్టి వేరు. ఆ తేడాలు కలిసి ఏ ప్రమాదమూ లేకుండానే కొంత దొంగ మిగులును చూపిస్తాయి. మరీ సున్నితంగా పెడితే మోటర్లన్నీ ఒక్కసారి మొదలైనప్పుడల్లా లైను పడుతుంది. అప్పుడు తిట్టేది కూడ మేమే. మూడు వేర్వేరు కడియాలకు బదులు మూడు తీగలనూ ఒక్క పెద్ద కడియంలోంచి దూరిస్తే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. కూడిక ఇనుములోనే జరిగిపోతుంది. మిగులుంటేనే సెకండరీకి తెలుస్తుంది. కేబులుగా బయటికి వచ్చే ఫీడర్లకు ఇది వీలు. ఇండ్లల్లో పెట్టే 30 మిల్లీ ఆంపియర్ల లీకేజి బ్రేకరులో ఉండేది ఇటువంటి చిన్న కడియమే. పోయిన సెలవుల్లో మెకానిక్కును బతిమాలి, టాంగ్ టెస్టరు దవడల్లో మోటరు వైర్లు మూడింటినీ కలిపి వేయించాను. మోటరు జోరుగా నడుస్తున్నది, నీళ్లు పోస్తున్నది, అంకె మాత్రం సున్న. "గిట్లెవలన్న చూస్తరా?" అని అతను నవ్వాడు. నాకు మాత్రం మూడు నెలల పాఠం అప్పుడు కండ్లకు కనిపించింది.

బర్రె ముట్టకుండానే ఎందుకు పడిపోయిందో కూడ లెక్క కట్టాను. తీగ ఒక్కచోట నేలను తాకి 6.35 ఆంపియర్లు దిగితే, ఆ చోటి నుంచి వోల్టేజి చుట్టూ తగ్గుతూ పరుచుకుంటుంది. మట్టి నిరోధకత 500 ఓమ్-మీటర్లనుకుంటే మీటరు దూరంలో సుమారు 505 వోల్టులు, రెండున్నర మీటర్ల దూరంలో 202. ముందుకాళ్లు అక్కడ, వెనుకకాళ్లు ఇక్కడ ఉన్న బర్రెకు కాళ్ల మధ్యనే 300 వోల్టులు. కరెంటు పోయే దారి గుండె మీదుగా. పది మీటర్ల అవతల నడిచే మనిషి అడుగుకు వచ్చేది 3 వోల్టులు. అందువల్ల లైను పడిందనుకుని దగ్గరికి పోవద్దు. పది మీటర్లకు ఇవతలే నిలబడి 1912కు ఫోను చేయాలి. అప్పటికే దగ్గరున్నవాళ్లు పాదాలు ఆనించి, చిన్నచిన్నగా జరుగుతూ బయటపడాలి.

ఈ అంకెలు బాపుకు చెప్పాను. పది మీటర్లంటే ఎన్ని అంగలని అడిగాడు. పదిహేను దాకా ఉంటాయన్నాను. ఆయన చెలకలోకి పోయి, ఆనాడు కాక తనను ఆపిన గెట్టు నుంచి తీగ కొస పడ్డ చోటు దాకా నడిచి లెక్కపెట్టాడు. పదకొండు వచ్చాయి.