పచ్చికలోని చిన్న గొడుగులు

ఈశాన్య ఋతుపవనాల వానలు పడే దినాలలో మన ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల పచ్చిక బీళ్ళలో తెల్లవారేసరికి చిన్న చిన్న గొడుగులు మొలచి కనిపిస్తాయి. ఎండ ముదిరేసరికి అవి వాడి నేలకొరుగుతాయి. వాటిని కాగితములో చుట్టి తెచ్చి, "సార్, ఇవి తినవచ్చునా?" అని మమ్ము అడిగిన విద్యార్థులున్నారు. మేము తెలుగు బోధించేవారమే గాని శాస్త్రజ్ఞులము కాము. అయినను ఈ ప్రశ్నకు తొందరపడి చెప్పే సమాధానము ప్రాణము మీదికి తేగలదు. కనుక గ్రంథాలు చూచి తెలిసికొన్నంత ఇక్కడ నివేదిస్తున్నాము.

ముందుగా మాటను పరిశీలిద్దాము. పుట్ట మీద మొలచేది పుట్టగొడుగు. తినరాని దానిని కుక్కగొడుగు అంటారు. ఉర్దూలో సాంప్ కీ ఛత్రీ, అనగా పాము గొడుగు అంటారు. రెండు భాషలవారి కంటికీ గొడుగే తోచింది. ఒకరు పుట్టను తలచుకొంటే, మరియొకరు పామును తలచుకొన్నారు. పుట్టకూ పాముకూ గల పొత్తు మనకు తెలియనిది కాదు.

పుట్టగొడుగు అనే మాటలో ఒక శాస్త్రసత్యము కూడ ఇమిడి ఉన్నది. కొన్ని రకాల చెదలు ఎండుటాకులను, కట్టెను నమిలి, పుట్టలోపల స్పంజి వంటి అరలు కట్టి, వాటి మీద ఒక శిలీంధ్రమును సేద్యము చేస్తాయి. ఆ శిలీంధ్రాలకు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రోజర్ హైమ్ 1942లో టెర్మిటోమైసిస్ అని ప్రజాతి నామము పెట్టాడు. వాటిలో మైక్రోకార్పస్ అనే మిక్కిలి చిన్న జాతి పుట్టల పరిసరాలలో వందలకొద్దీ గుంపుగా మొలుస్తుంది. ఇది తినదగినది. చిక్కు ఇక్కడనే ఉన్నది. దానిని పోలిన చిన్న గొడుగులు గడ్డిలో మరికొన్ని ఉన్నవి.

అట్టివాటిలో కోనోసైబే ఒక ప్రజాతి. దీనిని 1889లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు విక్టర్ ఫాయోద్ ఏర్పరచాడు. గ్రీకు భాషలో శంకువు, తల అనే రెండు మాటలు కలిసి ఈ పేరు అయినది. ఛత్రము శంకువు వలె లేక గంట వలె ఉంటుంది. దాని వెడల్పు సాధారణముగా 3 సెంటీమీటర్లకు మించదు. కాడ 1 నుండి 3 మిల్లీమీటర్ల మందము మాత్రమే ఉండి, పట్టుకొంటే విరిగిపోతుంది. ఛత్రము క్రింది మొప్పల నుండి తుప్పు రంగు సిద్ధబీజాలు రాలుతాయి. గడ్డి నేల, పేడ, ఎరువు వేసిన మట్టి వీటికి అనుకూలము. కనుక పశువులూ గొఱ్ఱెలూ మేసే బీళ్ళలో వీటిని వెదకవచ్చును.

ఇంత సుకుమారమైన దానిలో విషముండునా అనిపించవచ్చును. కోనోసైబే ఫిలారిస్ అనే జాతిలో అమాటాక్సిన్లు ఉన్నవి. కొందరు దీనిని ఇప్పుడు ఫోలియోటినా ప్రజాతిలో చేర్చుచున్నారు. పేరు మారినా విషము మారదు. తెల్లని ఛత్రము గల అపాలా జాతిలో ఫాలోటాక్సిన్లు ఉన్నట్లు 2003లో వెల్లడైనది. అమాటాక్సిన్ జీవకణములో ఆర్.ఎన్.ఏ. తయారీని నిలిపివేస్తుంది. తిన్న వెంటనే ఏమియు తెలియదు. 6 నుండి 24 గంటలకు వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. తరువాత కొంత తెరిపి కలిగి, గండము గడిచినట్లే తోస్తుంది. ఆ సమయములోనే కాలేయము చెడిపోతూ ఉంటుంది. కావున తెరిపిని నమ్మక వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. తిన్నదానిలో మిగిలిన ముక్క ఉంటే వెంట తీసికొనిపోవలెను.

వెండి నాణెము నల్లబడకపోతే మంచిదని, పురుగు తిన్నదానిని మనిషి తినవచ్చునని కొందరు నమ్ముతారు. ఇవి పరీక్షలు కావు. ఉడికించినా ఈ విషము పోదు. మన పెద్దలు పుట్టగొడుగును గుర్తించే నేర్పును మేము తక్కువ చేయడము లేదు. వారు చోటును, కాలమును, మొలచే తీరును కలిపి చూచేవారు. ఆ మూడింటినీ విడిచి ఆకారము మాత్రమే చూచి కోయుటలో ప్రమాదమున్నది.

నేర్చుకొనుటకు సులభమైన పని ఒకటి కలదు. ఛత్రమును కోసి, మొప్పలు క్రిందికి ఉండేటట్లు తెల్ల కాగితము మీద ఉంచి, గాజు గ్లాసు బోర్లించండి. మరునాటికి సిద్ధబీజాలు కాగితము మీద ముద్ర వేస్తాయి. టెర్మిటోమైసిస్ ముద్ర లేత గులాబి రంగులోను, కోనోసైబే ముద్ర తుప్పు రంగులోను ఉంటుంది. ఈ రంగు ప్రజాతిని ఊహించుటకే గాని తినుటకు అనుమతి పత్రము కాదు. పని ముగిసిన పిదప చేతులు కడుగుకొనవలెను. జాతిని తేల్చుటకు సూక్ష్మదర్శిని తప్పదు.

అంతమాత్రాన వీటిని కాలితో చిదుమనక్కరలేదు. పైకి కనిపించే గొడుగు కొన్ని గంటల ఫలనాంగము మాత్రమే. మట్టిలోని సన్నని తంతువులు చచ్చిన గడ్డిని, పేడను కుళ్ళబెట్టి, నేలకు సత్తువ తిరిగి ఇస్తాయి. ఆ గడ్డినే మన గొఱ్ఱెలు మేస్తాయి.

కళాశాల కార్యవర్గమువారికి ఒక చిన్న మనవి. ఒక సూక్ష్మదర్శినిని, ఒక నోటు పుస్తకమును దీనికై కేటాయిస్తే, మన విద్యార్థులు ఏటేటా తేదీ, చోటు, ముద్ర రంగు వ్రాసి, ఈ ప్రాంతపు గొడుగుల పట్టిక తయారు చేయగలరు. విద్యార్థులకు మేము చెప్పేది ఒక్కటే. కంటితో ఎంతైనా చూడండి, కాగితము మీద ఎంతైనా వ్రాయండి, పేరు రూఢిగా తెలియనిదానిని మాత్రము నోట పెట్టకండి.