గ్రేట్ అండమానీయుల జనగణన: సంఖ్యయు భాషయు

గ్రేట్ అండమానీయులు పూర్వము పది తెగలుగా నుండిరి. 1901 జనాభా లెక్కలలో వీరు 625 మంది; 1911లో 455, 1921లో 209, 1931లో 90, 1951లో 23, 1961లో కేవలము 19. ఈ 625ను మూలసంఖ్యగా గ్రహించుట పొరపాటు. పోర్టు బ్లెయిరున ఆంగ్లేయుల స్థావరము 1858లోనే నెలకొనెను. 1877 నాటి తట్టు వ్యాధి యెందరినో పొట్టన బెట్టుకొనెను. ఆ మృతులు ఏ పట్టికకును ఎక్కలేదు.

2011లో వీరి సంఖ్య 44. దీనిని వృద్ధి యనుట తొందరపాటు. తెగల మధ్యను, ఇతరులతోను వివాహములు జరుగగా పాత తెగలన్నియు ఒక్క శీర్షిక క్రింద చేరినవి. ‘అక బో’ భాష నెరిగిన కడపటి వ్యక్తి బోవా సీనియర్ 2010లో మరణించెను. మరుసటి యేటి జనసంఖ్యాపట్టికలో ఆ లోటు కానరాదు.