పెకింగు నగరమున ఫిలడెల్ఫియా వాద్యబృందము

మన గానసభకు గాయకుడు, వయొలిను, మృదంగము, తంబుర యున్న జాలును. ఎవరి యెదుటను కాగితముండదు. పాశ్చాత్యుల సింఫనీ బృందము అట్టిది కాదు. వాద్యకులు నూర్గురు, ఒక్కొక్కని యెదుట వాని భాగము మాత్రమే వ్రాయబడిన స్వరపత్రము. భాగములన్నియు నొక్కచో గల గ్రంథము నాయకుని యొద్ద నుండును. ఆతడు తానేమియు వాయింపడు. చేతికఱ్ఱతో లయను, నాదము యొక్క హెచ్చుతగ్గులను నిర్ణయించును. పత్రములలో తేడా యున్నచో నాయకుడెంత సమర్థుడైనను బృందము తడబడును. చదువరులు ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనవలెను.

అమెరికాలోని ఫిలడెల్ఫియా బృందము 1900 సంవత్సరమున స్థాపితమైనది. బుడాపెస్టు నగరమున 1899లో జన్మించిన యూజీన్ ఆర్మండీ దానికి నాలుగు దశాబ్దములకు పైగా నాయకుడై యుండెను. 1973 సెప్టెంబరులో ఆతడు దానిని చైనాకు గొనిపోయెను. కమ్యూనిస్టు చైనాలో అమెరికా బృందము వాయించుట అదియే ప్రథమము.

అచటి స్థితి యెట్టిది? 1966లో ఆరంభమైన సాంస్కృతిక విప్లవమున బెథోవెన్ మొదలగు వారి సంగీతము నిషిద్ధమయ్యెను. షాంఘై బృందమున నాయకత్వము వహించిన లూ హాంగెన్ 1968లో మరణశిక్ష పాలయ్యెను. ఆతని తోడివారు ఐదేండ్ల పిమ్మట ఆ సంగీతమునే సభలో కూర్చుండి వినిరి!

మావో భార్య జియాంగ్ చింగ్ బెథోవెన్ ఆఱవ సింఫనీని వినగోరెను. అది పల్లెటూరి ప్రకృతిని వర్ణించునది. అందు కోకిల కూతయు, గాలివానయు వాద్యములచే వినిపింపబడును. ఆర్మండీకి దానిపై మక్కువ లేదు. అంతకంటె పెద్ద చిక్కు, దాని పత్రములను బృందము వెంట దెచ్చుకొనలేదు. చైనా వాద్యకుల యొద్దనున్న ప్రతులను సేకరించిరి గాని, అవి యొకదానితో నొకటి సరిపోలలేదు. ఐనను వాయించిరి. ఇట్టి సమయముననే వాద్యకుల యసలు విద్య తెలియును.

మఱియొక దినమున చైనా బృందము బెథోవెన్ అయిదవ సింఫనీని సాధన చేయుచుండగా, వారి నాయకుడు లీ దెలున్ తన కఱ్ఱను ఆర్మండీ చేతికిచ్చెను. ఆతడు రెండవ భాగమును నడపెను. భాష తెలియని యా వాద్యకులు చేతిసైగనే యనుసరించిరి. నా దృష్టిలో యాత్రయంతటికిని ఇదియే ముఖ్యఘట్టము.

హూనాన్ రాష్ట్రమునందలి పల్లెలో వరిపొలమున బనిచేయుచున్న టాన్ దున్ అను బాలుడు ధ్వనివర్ధకమున ఈ బృందపు వాద్యమును వినెనట. ఆతడే పిమ్మట లోకప్రసిద్ధుడైన స్వరకర్తయై, 2001లో చలనచిత్ర సంగీతమునకు ఆస్కారు బహుమానము నందెను.