కొత్త ఏడాదిలో పెద్దవాళ్లు ముందు చూసుకోవాల్సింది కాళ్ల బలం

ప్రశ్న: నా వయసు 69. ఎత్తు 165 సెంటీమీటర్లు, బరువు 72 కిలోలు. పదేళ్లుగా షుగరు, బీపీ ఉన్నాయి. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, టెల్మిసార్టాన్ వాడుతున్నాను. జనవరి ఒకటి నుంచి రాత్రి భోజనం పూర్తిగా మానేసి, తెల్లవారుజామున ఐదింటికి గంటసేపు నడిచి, ఆరు నెలల్లో పది కిలోలు తగ్గాలని గట్టిగా అనుకున్నాను. మా అబ్బాయి వద్దంటున్నాడు. ఏం చెయ్యమంటారు?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: మాస్టారూ, ఈ వయసులో ఇంత పట్టుదల ఉండటం నాకు చాలా సంతోషం. కానీ మీ అబ్బాయి మాటలో న్యాయం ఉంది. మీరు వాడే గ్లిమెపిరైడ్ ప్రభావం దాదాపు రోజంతా ఉంటుంది. మీరు తిన్నా తినకపోయినా అది షుగరును దించుతూనే ఉంటుంది. రాత్రి ఏమీ తినకుండా పడుకుని, పరగడుపున చీకట్లో నడకకు బయల్దేరితే దారిలో లో షుగర్ రావచ్చు. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం, మాట తడబడటం దాని గుర్తులు. షుగరు 70 కన్నా దిగిందంటే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకొని తాగాలి. పావుగంటకు మళ్లీ పరీక్ష చేసుకోవాలి. ముక్కోటి ఏకాదశికి ఉపవాసం ఉండే షుగరు రోగులకూ ఇదే మాట. ఉపవాసానికి రెండు రోజుల ముందే మాత్రల సంగతి మీ డాక్టరుతో మాట్లాడండి. మీ అంతట మీరు మాత్ర మానేయకండి.

ఇక బరువు. మీ ఎత్తుకు 72 కిలోలు కాస్త ఎక్కువే, కానీ పది కిలోలు తగ్గాల్సినంత కాదు. పైగా అరవై దాటాక కడుపు మాడ్చుకుని తగ్గితే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. పోయిన కండ ఈ వయసులో తిరిగి పట్టడం కష్టం. కాళ్లలో కండ తగ్గిన మనిషి పడిపోతాడు, పడితే తుంటి ఎముక విరుగుతుంది, ఆ తర్వాత చాలామంది మునుపటిలా నడవలేరు. నన్నడిగితే మీ తీర్మానం బరువు గురించి కాకుండా తొడల బలం గురించి ఉండాలంటాను.

మీ బలం ఎంతో ఇంట్లోనే చూసుకోవచ్చు. చేతుల్లేని కుర్చీని గోడకు ఆనించి, పక్కన ఒకరిని ఉంచుకుని, చేతులు గుండెల మీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. మీ వయసు మగవాళ్లు 12 సార్లయినా లేవగలగాలి. అంతకు తగ్గితే పడిపోయే ముప్పు ఎక్కువని అర్థం. ఈ లేచి కూర్చోవడమే మీకు మంచి వ్యాయామం కూడా. వారంలో మూడు రోజులైనా చేయండి. నడక మానక్కర్లేదు. ఎండ వచ్చాక, కాస్త ఏదైనా తిని నడవండి. వారం మొత్తం మీద 150 నిమిషాలైతే చాలు.

రాత్రి భోజనం మానడం కాదు, పళ్లెం మార్చండి. మన ఇళ్లలో అన్నం కొండంత, పప్పు గరిటెడు. దాన్ని తిరగేయాలి. కిడ్నీ జబ్బు లేకపోతే మీ బరువుకు రోజుకు 70 గ్రాములకు పైగా మాంసకృత్తులు కావాలి. ఒక గుడ్డులో 6 గ్రాములు, గ్లాసు పాలలోనూ సుమారు అంతే, వంద గ్రాముల చేపలో 20 దాకా ఉంటాయి. మూడు పూటలా పంచుకుని తినండి. మరొక్క మాట: బీపీకి మంచిదని సోడియం తక్కువ ఉప్పు కొనకండి. అందులో పొటాషియం ఉంటుంది. టెల్మిసార్టాన్ వాడేవాళ్లకు అది ప్రమాదం కావచ్చు. మామూలు ఉప్పే తగ్గించుకోండి. ముందు పచ్చళ్ల దగ్గర మొదలుపెట్టండి.

ప్రశ్న: అమ్మకు 74. నెలలో రెండుసార్లు రాత్రిపూట బాత్‌రూమ్‌కు వెళ్తూ పడింది. అదృష్టం, ఏమీ విరగలేదు. బీపీ మాత్రలు, నిద్రమాత్ర వాడుతుంది. ధనుర్మాసమని తెల్లవారుజామునే గుడికి వెళ్తోంది. ఇకపై ఇల్లు కదలనివ్వకూడదని కొత్త సంవత్సరం నుంచి మేమంతా అనుకున్నాం. సరైనదేనా?
– ఒక కూతురు, కరీంనగర్

జవాబు: అమ్మా, ఆ పని మాత్రం చేయకండి. మంచానికి, కుర్చీకి పరిమితమైన కొద్దీ కాళ్లు ఇంకా బలహీనపడి, ఇంట్లోనే మళ్లీ పడతారు. గుడికి వెళ్లనివ్వండి, వెలుగొచ్చాక, తోడుతో.

వెతకాల్సిన కారణం వేరే ఉంది. ఇంట్లో ఉన్న మాత్రలన్నీ, ఆయుర్వేదంతో సహా, ఒక సంచిలో వేసుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. పడుకున్నప్పుడు ఒకసారి, నిలబడిన మూడు నిమిషాల్లోపు ఒకసారి బీపీ చూడమని అడగండి. పై అంకె 20 పడిపోతే మాత్రలు సరిచూడాలి. నిద్రమాత్ర నా అనుమానంలో ముందుంది. అల్ప్రాజోలామ్ లాంటివి రాత్రి లేచినప్పుడు తూలేలా చేస్తాయి. అయితే ఏళ్లుగా వాడుతున్నదాన్ని ఒక్కసారిగా ఆపకూడదు, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. కళ్లలో శుక్లాలున్నాయేమో, ఎముకలు గుల్లబారాయేమో చూపించండి. ఈ వారంలోనే బాత్‌రూమ్ గోడకు పట్టుకోవడానికి కడ్డీ, దారిలో రాత్రి దీపం పెట్టించండి. జారే పట్టాలు తీసేయండి. రాత్రి లేవగానే నిమిషం మంచం మీదే కూర్చుని అప్పుడు నిలబడమని చెప్పండి.

ప్రశ్న: మా నానమ్మకు 70. నలభై ఏళ్లుగా అడ్డపొగ తాగుతుంది. ఈ వయసులో మానిపించి లాభం ఉంటుందా?
– శ్రీకాకుళం జిల్లా నుంచి మనవరాలు

జవాబు: తప్పకుండా ఉంటుంది. అడ్డపొగలో చుట్ట నిప్పు నోట్లోపలికి పెట్టుకోవడం వల్ల వేడి, పొగ నేరుగా అంగిలికి తగులుతాయి. ఉత్తరాంధ్ర తీరంలో ఆడవాళ్లకు అంగిలి క్యాన్సర్ రావడానికి ఈ అలవాటే పెద్ద కారణం. ఎన్నేళ్లు తాగినా, మానిన నాటి నుంచి ముప్పు తగ్గుతూ వస్తుంది. గుండెకూ, ఊపిరికీ మేలే. తిట్టి మానిపించాలని చూడకండి. మానడానికి సాయం కావాలంటే 1800-112-356కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. అంగిలి తెల్లబడి ఎర్రచుక్కలు ఉన్నా, రెండు వారాలైనా మానని పుండు ఉన్నా నొప్పి లేదని ఊరుకోవద్దు. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు నానమ్మను ఒకసారి దంత వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లి, కట్టుడు పళ్లుంటే తీయించి, అంగిలి మొత్తం చూపించండి.