అడవికి తీసుకెళ్ళే ముందు

చిరంజీవి సౌమ్యకు,

 

నువ్వు పంపిన కార్యక్రమ పట్టిక నిదానంగా చదివాను. ఒక శనివారం బడిపిల్లల్ని, మరో శనివారం ఆఫీసు ఉద్యోగుల్ని వికారాబాద్ దగ్గరి అనంతగిరి అడవికి తీసుకెళ్ళే బాధ్యత నీకు అప్పగించారంటే చాలా సంతోషమైంది. అయితే పట్టికలో తాడులాగుడు, పాటల పోటీ, రాత్రి నెగడు, గ్రూప్ ఫొటో ఉన్నాయి. అడవి గురించి ఉన్నది అరగంట ప్రసంగం. పోటీలు ఏ మైదానంలోనైనా పెట్టుకోవచ్చు తల్లీ. వికారాబాద్ దాకా తీసుకెళ్ళినప్పుడు అక్కడే నేర్చుకోగలిగింది నేర్పాలి.

అనంతగిరిలో నేర్పాల్సింది నీళ్ళ పాఠం. మూసీ పుట్టేది ఆ గుట్టల్లోనే. ఇవాళ నగరం పిల్లలకు మూసీ అంటే ముక్కు మూసుకుని వంతెన దాటడం. అదే నది 1908 సెప్టెంబరులో పొంగి హైదరాబాద్‌లో వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. మూసీ మీద ఉస్మాన్‌సాగర్, అంటే గండిపేట చెరువు, 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. గండిపేట నీళ్ళు తాగి పెరిగామని పాతబస్తీ పెద్దలు ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు. ఆ చెరువులోకి వచ్చే ఏటికి మొదలు ఈ చెట్ల కిందే ఉందని పిల్లలు కళ్ళారా చూడాలి.

చూపించడం కష్టమేమీ కాదు. జనం తొక్కి తొక్కి గట్టిపడిన బాట మీద ఒక సీసా నీళ్ళు పోయించు. పక్కనే ఎండుటాకులు పరుచుకున్న చెట్టు కింద ఇంకో సీసా పోయించు. బాట మీది నీళ్ళు మట్టిని కడుక్కుంటూ జారిపోతాయి. ఆకుల కింది నీళ్ళు అక్కడే ఇంకుతాయి. అక్కడి ఎర్రరాయిని చేతికిచ్చి, దాన్నిండా ఉన్న రంధ్రాలు చూడమను. వాన నీరు భూమిలోకి దిగి, వానలు వెనకబడ్డాక కూడా ఊటగా ఎలా వస్తుందో వాళ్ళే చెబుతారు. నువ్వు తొందరపడి జవాబు అందించకు.

ఎండాకాలంలోనూ తీసుకెళ్ళు. మోడుబారిన చెట్లను చూసి అడవి చచ్చిపోయిందంటారు. ఆకుల గుండా నీరు ఆవిరైపోకుండా చెట్టు ఆకు రాలుస్తుందని అప్పుడే చెప్పాలి. ఫాల్గుణంలో ఆకులేని మోదుగ ఒళ్ళంతా పూసి కనిపిస్తే, ఆ మాట ఇక మరచిపోరు.

ఆఫీసు వాళ్ళ విషయంలో ఒక్కటే నా సలహా. నడకలో ముందు అక్కడి ఊరి మనిషి ఉండాలి. మేనేజరైనా, నిన్న చేరిన కుర్రాడైనా ఆయన వెనకే నడవాలి. అడవి సంగతి స్థానికులకే బాగా తెలుసు. 1900 తర్వాత కనబడక, అంతరించిందనుకున్న కలివికోడి అనే పక్షి 1986లో కడప జిల్లా లంకమల దగ్గర దొరికింది. దాన్ని పట్టి, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుల ముందు పెట్టినవాడు ఐతన్న అనే స్థానికుడు. తెలిసినవాడి మాట వినడం, తెలియదని ఒప్పుకోవడం ఏ ఆఫీసుకైనా కావలసిన గుణాలే. ఆ ఊరి మనిషికి ఇచ్చే కూలి మాత్రం నగరం నుంచి వచ్చే శిక్షకుడికి ఇచ్చే దానికి తీసిపోకూడదు.

ఇక జాగ్రత్తలు. అటవీశాఖ అనుమతి ముందే తీసుకో. పదిహేను మందికి ఒక పెద్దదిక్కు ఉండాలి. మైకులు, డప్పులు వద్దు. కోతులకు తిండి వేయనివ్వకు. ఎండుటాకుల కాలంలో నెగడు అసలే వద్దు, ఒక్క నిప్పురవ్వ చాలు గుట్ట కాలిపోవడానికి. తీసుకెళ్ళిన ప్రతి ప్లాస్టిక్ సంచీ, సీసా లెక్కపెట్టి వెనక్కి తేవాలి. మధ్యలో అరగంట ఫోన్లు సంచుల్లో పెట్టించి, ఒక్కొక్కరినీ ఒక్కో చెట్టు దగ్గర మౌనంగా కూర్చోబెట్టు. విన్నవీ చూసినవీ ఆ తర్వాత వాళ్ళనే చెప్పమను.

ఒక్కరోజు తిప్పి వదిలేస్తే అది విహారయాత్రే అవుతుంది. మీ పైవాళ్ళకు నచ్చజెప్పి, అదే జట్టును వానాకాలంలో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి తీసుకెళ్ళు. ఎక్కువ జట్లను తిప్పడం కన్నా తక్కువ మందికి గట్టిగా నేర్పడం మేలు. ఈ ఒక్క విషయంలో వెనక్కి తగ్గకు.

ఆశీస్సులతో,
తాతయ్య