పికప్ బండి ముందు గ్రిల్లును ఇంటివద్ద మార్చుకోవడం

మదనపల్లె టమాటాలు, కోలారు కూరగాయలు నింపుకొని తెల్లవారుజామున బెంగళూరు మార్కెట్లకు చేరే పికప్ బండ్లను గమనిస్తే, ఒకే కంపెనీ బండ్లయినా ఒక్కొక్కదాని ముఖం ఒక్కొక్క తీరుగా కనిపిస్తుంది. ఒకదాని గ్రిల్లుకు నల్లరంగు, మరొకదానికి మెరిసే పట్టీలు, ఇంకొకదానికి ఇనుప జాలీ, దానిపై నిమ్మకాయల దండ. అన్నం పెట్టే బండిని అలంకరించుకోవడంలో తప్పేమీ లేదు. అయితే ఆ అలంకారం ఇంజను మీద ఎంత ప్రభావం చూపుతుందో, చట్టం ఎంతవరకు అనుమతిస్తుందో తెలుసుకొని పనికి దిగడం అవసరం.

ఇంజను ముందుభాగంలో ఉండే బండ్లకు గ్రిల్లు ముక్కువంటిది. దాని వెనుకనే రేడియేటరు ఉంటుంది. ఏసీ ఉన్న బండిలో దానికి కూడా ముందు కండెన్సరు ఉంటుంది. ఈ రెండింటికీ గాలి చేరేది గ్రిల్లు సందులలో నుండే. ఖాళీ బండి చల్లని వేళ తిరిగితే లోటు తెలియదు. నిండు బరువుతో, ఎండలో, చిత్తూరు నుండి పలమనేరు వైపు మొగిలి కనుమ ఎక్కుతున్నప్పుడు తెలుస్తుంది. అక్కడ వేగం తక్కువ, ఇంజను శ్రమ ఎక్కువ.

జాలీ కొనేటప్పుడు చిన్న లెక్క వేసుకోవచ్చు. రంధ్రం 10 మి.మీ., తీగ మందం 1 మి.మీ. అయితే ప్రతి గడి 11 మి.మీ. అవుతుంది. 10×10ని 11×11తో భాగిస్తే సుమారు 83 శాతం ఖాళీ మిగులుతుంది. అదే రంధ్రం 1 మి.మీ., తీగ 0.3 మి.మీ. ఉన్న దోమతెర వంటి జాలీలో మిగిలేది 59 శాతమే. పైగా ఆ సన్నని రంధ్రాలను దుమ్ము, పురుగులు, పొట్టు కొద్ది రోజులలోనే మూసివేస్తాయి. పాత గ్రిల్లు తీయకుండా దాని వెనుక జాలీ బిగిస్తే రెండు అడ్డులూ కలుస్తాయని మరువరాదు. జె.సి. రోడ్డు దుకాణాలలో సన్నని జాలీయే చూపుకు బాగుంటుంది. బండికి మేలు చేసేది పెద్ద కన్నుల జాలీ.

పని మొదలుపెట్టేముందు ఇంజను పూర్తిగా చల్లారాలి. కొన్ని బండ్లలో తాళం తీసిన తరువాత కూడా విద్యుత్ ఫ్యాను తిరుగుతుంది. కనుక బ్యాటరీ నెగటివ్ తీగను విప్పాలి. గ్రిల్లును పట్టి ఉంచే ప్లాస్టిక్ క్లిప్పులను బలంగా లాగితే విరుగుతాయి. ఒక్కొక్కటిగా నొక్కి వదిలించాలి. తీసిన స్క్రూలను ఒక గిన్నెలో వేసి ఉంచాలి.

రంగు నిలవకపోవడానికి కారణం సాధారణంగా రంగు కాదు, జిడ్డు. గ్రిల్లును సబ్బునీటితో కడిగి ఆరనిచ్చి, 400 నంబరు, తరువాత 600 నంబరు నీటి కాగితంతో మెరుపు పోయేవరకు రుద్దాలి. మళ్ళీ కడిగి, ఆరాక, ప్లాస్టిక్‌కు తగిన ప్రైమరు వేయాలి. ఆపైన రంగును ఒకే మందపు పూతగా కాక, డబ్బాపై చెప్పినంత వ్యవధి ఇస్తూ మూడు పలుచని పూతలుగా వేయాలి. స్ప్రే పనిని మూసిన గదిలోగాని పొయ్యి దగ్గరగాని చేయరాదు. వఠారంలో ఉండేవారు పక్కింటి కిటికీలను, ఆరేసిన బట్టలను చూసుకోవాలి. మిగిలిన థిన్నరును మోరీలో పోయరాదు. ఖాళీ డబ్బాలను, రంగు గుడ్డలను చెత్త బండికి గృహ ప్రమాదకర వ్యర్థంగా విడిగా ఇవ్వాలి.

జాలీ బిగించేటప్పుడు కత్తిరించిన అంచులను లోపలికి మడవాలి. రేడియేటరుకు, జాలీకి మధ్య కనీసం రెండు వేళ్ళ ఎడం ఉండాలి. అదిరే తీగ సన్నని రెక్కలను రాపాడి గొట్టానికి చిల్లు చేస్తే, జాలీకి పెట్టిన ఖర్చుకు ఎన్నో రెట్లు రేడియేటరుకు పెట్టవలసి వస్తుంది.

ఇక చట్టం మాట. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు నిర్దేశించిన, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదు. గ్రిల్లు రంగు ఆ పత్రంలోని అంశం కాదు. బండి మొత్తం రంగు మారిస్తే మాత్రం ఆర్టీవో కార్యాలయంలో నమోదు చేయించాలి. బంపరు ముందు బిగించే బుల్‌బార్ సంగతి వేరు. దీనిని 52వ సెక్షనుకు విరుద్ధమని పేర్కొంటూ, చర్య తీసుకోవలసిందిగా కేంద్ర రవాణా మంత్రిత్వశాఖ 2017 డిసెంబరులో రాష్ట్రాలకు లేఖ వ్రాసింది. ముందుకు పొడుచుకొని వచ్చిన ఇనుప గొట్టం తగిలేది రోడ్డు దాటే ముసలివారికి, బడిపిల్లలకు. ఆ దెబ్బను బంపరులాగా అది మెత్తబరచదు. చట్టవిరుద్ధమైన మార్పు చేసిన యజమానికి 2019 సవరణ ప్రకారం ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానాగాని, ఆరు నెలల వరకు జైలుగాని, రెండూగాని విధించవచ్చు. గ్రిల్లులో ఎర్ర దీపాలు పెట్టే అలవాటు కూడా మానుకోవాలి. ముందువైపు ఎర్రని కాంతి చూపడాన్ని కేంద్ర నియమావళిలోని 108వ నియమం నిషేధిస్తుంది. నంబరు పలకకు, హెడ్‌లైట్లకు ఏదీ అడ్డురారాదు.

బిగింపు పూర్తయ్యాక, ఎప్పుడూ వెళ్ళే దారిలోనే, ఎప్పుడూ వేసే బరువుతోనే ఒకసారి నడిపి ఉష్ణోగ్రత ముల్లును గమనించాలి. ముల్లు మునుపటికంటె పైకి పోతే జాలీని విప్పివేయాలి. కనుక పాత గ్రిల్లును వెంటనే గుజరీకి అమ్మక, ఒక వేసవి గడిచేదాకా అటకమీద ఉంచుకోవడం మంచిది.