కొత్త దేశం, కొత్త రాత

హిమాలయాలకు అవతల చైనా దేశం ఉంది. దాని తూర్పు వైపు జెజియాంగ్ రాష్ట్రం. అందులో యీవూ అనే ఊరు. పిన్నీసులు, గాజులు, బొమ్మలు, గొడుగులు, ఇలాంటి చిల్లర సరుకులకు అది పెద్ద సంత. ఎన్నో దేశాల వ్యాపారులు అక్కడికి వస్తారు. మనవాళ్లూ ఉన్నారు.

నెల్లూరు జిల్లా నుంచి ఒక చిన్న కుటుంబం ఆ ఊరు వెళ్లింది. భర్త, భార్య, నాలుగేళ్ల పాప. సరుకు కొని ఓడకెక్కించే కంపెనీలో అతనికి ఉద్యోగం. అద్దె ఇంట్లో దిగిన 24 గంటల్లోపు ముగ్గురి పేర్లూ పోలీసుల దగ్గర రాయించారు. విదేశీయులకు అక్కడి చట్టం అది.

తిండికి పెద్ద ఇబ్బంది లేదు. అన్నం వాళ్లూ తింటారు. వంకాయలు, కాకరకాయలు దొరుకుతాయి. కందిపప్పు, చింతపండు మన సరుకులు అమ్మే కొట్లో తెచ్చుకోవాలి. తూకం దగ్గరే తికమక. అక్కడ ధర "జిన్" లెక్కన చెబుతారు. జిన్ అంటే అరకిలో. మొదటిరోజు ఆమె కిలో అనుకుని టమాటాలు కొనేసింది. ఎంత చవకో అని మురిసిపోయింది. ఇంటికొచ్చి చూస్తే సగమే!

పాప బళ్లో చేరింది. అక్కడ పిల్లలకు గోరువెచ్చని నీళ్లు తాగిస్తారు. అన్నం తిన్నాక అందరినీ పడుకోబెడతారు. నెలలు తిరగకుండానే పాప చైనా మాటలు మాట్లాడేస్తోంది. తల్లికే కష్టం. ఆమె పదో తరగతి చదివింది. అయినా అక్కడ చదువు రానట్టే. ఉప్పు పొట్లం ఏదో, చక్కెర పొట్లం ఏదో తెలియదు. బస్సు బోర్డు చదవలేదు.

మన రాతలో అక్షరాలు, గుణింతాలు నేర్చుకుంటే ఏ మాటైనా కూడబలుక్కోవచ్చు. చైనా రాతలో అలా కుదరదు. ఒక్కో గుర్తుకు ఒక అర్థం. పేపరు చదవాలంటే రెండు మూడు వేల గుర్తులు తెలియాలి.

ఒకరోజు ఆమె ఫోనులో అత్తగారి దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ అత్తగారు 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షర ఉద్యమంలో చదువు నేర్చుకున్న మనిషి.

"ఏడవబాకమ్మాయ్. నాకు మాత్రం ముప్పై అయిదేళ్ల దాకా ఏం వచ్చు? రోజుకు రెండు గుర్తులు పట్టుకో. అంగట్లో పనికొచ్చేవి ముందు నేర్చుకో" అంది.

"సరే అత్తయ్యా" అంది కోడలు.

పక్కింటి అవ్వ గురువయింది. అడ్డంగా ఒక గీత గీస్తే ఒకటి. రెండు గీతలు రెండు. మూడు గీతలు మూడు. నిలువు డబ్బా గీసి, మధ్యలో అడ్డగీత పెడితే సూర్యుడు. రోజు అన్నా అదే గుర్తు. విడివిడిగా నిలబడ్డ రెండు కాళ్లలా ఉంటే బిడ్డ. ఆమె వీటిని నోటుపుస్తకంలో రాసి, పక్కనే తెలుగులో అర్థం రాసుకునేది.

చలికాలంలో ఒక రాత్రి పాపకు ఒళ్లు కాలిపోయింది. భర్త నింగ్బో రేవుకు వెళ్లి ఉన్నాడు. జ్వరం చూసే పుల్ల 38.5 చూపించింది. మన దగ్గర 100, 101 అంటాం కదా, ఇదేం లెక్క? ఆమె భర్తకు ఫోను చేసింది.

"అది సెంటీగ్రేడు. ఇక్కడ 37 అంటే మామూలు. 38.5 అంటే మన 101 దాటింది. ఆలస్యం చేయకు" అన్నాడతను.

అంబులెన్సుకు అక్కడ 120 నంబరు. అవ్వ టాక్సీయే పిలిచింది. ఆసుపత్రిలో బోర్డులే బోర్డులు. వాటిలో ఆమెకు రెండు కాళ్ల గుర్తు కనబడింది. పిల్లల విభాగం అదే! ముందు కిటికీ దగ్గర డబ్బు కట్టి చీటీ తీసుకున్నారు. తర్వాతే డాక్టరు చూశాడు. రక్తం పరీక్ష చేయించి మందులిచ్చాడు.

ఇంటికొచ్చేసరికి అర్ధరాత్రి దాటింది. అవ్వ వెళ్లి పడుకుంది. మందు ఎన్నిసార్లు పోయాలి? ఆమె డబ్బా దీపం దగ్గర పెట్టి చూసింది. నాలుగు గుర్తులున్నాయి. మొదటిది ఒక గీత. రెండోది సూర్యుడి డబ్బా. మూడోది మూడు గీతలు. నాలుగోది తెలియదు.

ఒకటి, రోజు, మూడు.

ఆమె మళ్లీ చదివింది. పొద్దున్నే అవ్వకు డబ్బా చూపించి, మూడు వేళ్లు ఎత్తింది. అవ్వ తలూపింది. ఆ నాలుగో గుర్తుకు "సార్లు" అని అర్థం. అదీ పుస్తకంలోకెక్కింది. డబ్బా మీద మాత్రం ఆమె పెన్నుతో తెలుగులోనే రాసింది: "రోజుకు మూడుసార్లు".